పదకొండు నెలల కాగితం మీ బిల్డింగును కాపాడదు

నెల్లూరులో బాడుగ అంటాం, ఒంగోలు వైపు అద్దె అంటారు. పిలుపు ఏదైనా కాగితం మాత్రం ఒకటే: వంద రూపాయల స్టాంపు, పదకొండు నెలల గడువు, చివర్న నోటరీ ముద్ర. మాగుంట లేఅవుట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకూ అదే, పొగతోటలో ల్యాబుకూ అదే, కావలి ట్రంకురోడ్డు మీద బట్టల షాపుకూ అదే. డీటీపీ సెంటరులో పాత ఫైలు తెరిచి, పేర్లూ బాడుగా మార్చి, ప్రింటు తీసి చేతిలో పెడతారు. స్థలం కొనేటప్పుడు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల జాబితా) తీయించి, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించి, హద్దులు కొలిపించి మరీ కొన్న మనిషి, దాని మీద లక్షలు పోసి కట్టిన బిల్డింగును బయటివాళ్ళ చేతికి ఇచ్చేటప్పుడు ఈ ఒక్క కాగితంతో సరిపెడతాడు.

నా వాదన సూటిగా చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరు చెయ్యని బాడుగ కాగితంలోని షరతులు తగాదా వచ్చిన రోజున ఓనరుకు అక్కరకు రావు. పదకొండు నెలలదైనా అంతే, మూడేళ్ళదైనా అంతే. బాడుగ మీద ఆధారపడి పెట్టుబడి పెట్టేవాళ్ళు లీజును రిజిస్టరు చేసుకోవాలి. షాపులకూ ఆఫీసులకూ అయితే ఇందులో రెండో మాట లేదు.

ఈ పదకొండు నెలల లెక్క ఎక్కడిదో ముందు చూద్దాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను, మొదట రాసినప్పుడు, ఏడాదికి మించిన లీజులు, ఏటేటా సాగే లీజులు, ఏడాది చొప్పున అద్దె కట్టే లీజులు రిజిస్టరు కావాలంది. ఏడాదికి ఒక నెల తగ్గించి రాసుకుంటే ఆ బాధ తప్పుతుంది. చాలా రాష్ట్రాల్లో ఈ లెక్క ఇప్పటికీ నడుస్తుంది. మన దగ్గర నడవదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో తెచ్చిన 4వ నంబరు చట్టం ఆ క్లాజును మార్చేసింది. ఏడాది ప్రస్తావనంతా తీసేసి, స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టరు కావాలని ఉంచింది. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇదే మన చట్టం. పాతికేళ్ళు దాటినా ఈ సంగతి డీటీపీ ఫైళ్ళలోకి ఎక్కలేదు. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెప్తుంది, అంతే. రిజిస్ట్రేషన్ చోటును అది తీసుకోలేదు.

రిజిస్టరు కావలసిన కాగితం రిజిస్టరు కాకపోతే ఏమవుతుందో అదే చట్టం 49వ సెక్షను చెప్తుంది. అందులోని షరతులకు దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. ఆ మనిషి బాడుగదారుగానే లోపలికి వచ్చాడు, కొనుక్కుని రాలేదు అని చూపించడానికి పనికొస్తుంది. ఆ చిన్న పనికి కూడా ముందు స్టాంపు సరిపోయిందా అని చూస్తారు. వంద రూపాయల స్టాంపు చాలా బాడుగలకు సరిపోదు. లోటు స్టాంపు, దాని మీద 10 రెట్ల పెనాల్టీ కడితే తప్ప కోర్టు ఆ కాగితాన్ని ముట్టుకోదు. స్టాంపు దగ్గర మిగిల్చిన నాలుగు వందలకు ఆ రోజున నాలుగు వేలు పైన కట్టాల్సి వస్తుంది.

షరతులు పోతే మిగిలేది ఏమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. మీరు కాగితంలో రాసుకున్నవి పక్కకు పోయి, ఆ చట్టంలో ఉన్నవి మీకు వర్తిస్తాయి. ఓనర్లకు దెబ్బ తగిలేది ఇక్కడే.

మొదటిది, సబ్‌లీజు. 'వేరొకరికి బాడుగకు ఇవ్వరాదు' అనే వాక్యం లేని అగ్రిమెంటు ఉండదు. కానీ 108వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, బాడుగదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చెయ్యొచ్చు, సబ్‌లీజుకూ ఇవ్వొచ్చు. ఆ వేరే ఒప్పందం రిజిస్టరు కాని కాగితంలో ఉందంటే, అది లేనట్టే అని అవతలి వకీలు వాదిస్తాడు. ట్రంకురోడ్డు మీద షాపు తీసుకున్నతను దాన్ని రెండుగా చేసి సెల్‌ఫోన్ షాపుకూ, జ్యూసు షాపుకూ ఇచ్చి, మీకు కట్టేదానికి రెండింతలు వసూలు చేసుకుంటుంటే మీ కాగితం ఆపలేకపోవచ్చు.

రెండోది, బాడుగ పెంపు. నెలకు 40,000 మీద షాపు ఇచ్చి ఏటా 5 శాతం పెంచాలనుకున్నారు. మొదటి ఏడాది 4,80,000, రెండో ఏడాది నెలకు 42,000 లెక్కన 5,04,000, మూడో ఏడాది 44,100 లెక్కన 5,29,200. మూడేళ్ళకు 15,13,200. పెంపు షరతు నిలవకపోతే 14,40,000. తేడా 73,200. ఇది ఒక్క షాపు మీద, ఒక్క మూడేళ్ళకు. ఆ లీజు రిజిస్టరు చెయ్యడానికి ఎంతవుతుందో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో డ్యూటీ కాలిక్యులేటరు ఉంది, బాడుగా గడువూ కొడితే ముందే తెలుస్తుంది. చాలా లీజులకు ఒక నెల బాడుగ లోపే తేలుతుంది.

మూడోది, గడువు. మూడేళ్ళు కదలకుండా ఉంటానని చెప్పి ఇంటీరియర్ చేయించుకున్న కంపెనీ ఎనిమిదో నెలలో నోటీసిచ్చి పోతే లాకిన్ క్లాజు (గడువు మధ్యలో వదిలి పోకూడదనే షరతు) చూపించి మిగతా నెలల డబ్బు అడగలేరు. రిజిస్టరు కాని లీజును నెలనెలా సాగే బాడుగగా చూస్తారు. 106వ సెక్షను కింద అటువాళ్ళయినా ఇటువాళ్ళయినా 15 రోజుల నోటీసుతో తెంచుకోవచ్చు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. కాగితమే లేకుండా నోటిమాట మీద తాళాలిచ్చిన నెలవారీ బాడుగను ఆస్తి బదిలీ చట్టం ఒప్పుకుంటుంది. రాసి, రిజిస్టరు చెయ్యకుండా వదిలేసినదానికే చిక్కు. నోటిమాటే మేలని నేను చెప్పడం లేదు. నోటిమాటలో పెంపు, లాకిన్, సబ్‌లీజు నిషేధం ఏవీ నిరూపించలేం. పైగా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చోట 2017లో తెచ్చిన మన రాష్ట్ర అద్దె చట్టం కూడా ఒప్పందం రాతలో ఉండాలనే అంటుంది. రాయక తప్పదు, రాశాక రిజిస్టరు చెయ్యక తప్పదు.

పన్నెండేళ్ళ భయం

ఓనర్లు పదకొండు నెలలకు అతుక్కుపోవడానికి చట్టం కన్నా పెద్ద కారణం ఒక భయం. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు బాడుగదారుకు అయిపోతుందని. అందుకని మంచి కుటుంబాన్ని కూడా మూడేళ్ళకోసారి ఖాళీ చేయిస్తారు. ఖాళీ చేయించిన ప్రతిసారీ ఒకటి రెండు నెలలు టులెట్ బోర్డు వేలాడుతుంది, సున్నాలు, రంగులు, బ్రోకరుకు ఒక నెల బాడుగ.

బాడుగదారుగా వచ్చినవాడు, ఆ బాడుగ నడిచినంత కాలం, ఓనరుకు హక్కు లేదని వాదించలేడు. సాక్ష్య చట్టమే ఆ దారి మూసింది. పన్నెండేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళు బాడుగ కట్టినా బాడుగదారే. చట్టంలో 12 ఏళ్ళు ఉన్న మాట నిజం. అది బాడుగ ముగిశాక స్వాధీనం కోసం ఓనరు దావా వెయ్యడానికి ఉన్న గడువు. బాకీ బాడుగ వసూలుకు గడువు 3 ఏళ్ళు, ఇది గుర్తుంచుకోవలసిన అంకె. నాలుగేళ్ళ నుంచి ఇవ్వలేదు అని దావా వేస్తే మొదటి ఏడాది డబ్బు పోయినట్టే. నిజంగా భయపడవలసింది బాడుగ అని నిరూపించే రుజువే లేకపోవడానికి. చుట్టరికం మీద ఊరికే ఉండనిచ్చి, రసీదు లేక, బ్యాంకు జమ లేక, చివరికి 'ఈ ఇల్లు నాకు నోటిమాటగా అమ్మారు' అనే వాదన ఎదురైతే అప్పుడు మీ దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. రిజిస్టరయిన లీజు ఈ వాదనను మొదట్లోనే తుంచేస్తుంది.

రిజిస్టరు చేస్తే ఈసీలో ఎక్కుతుంది, రేపు అమ్మేటప్పుడు, లోను పెట్టేటప్పుడు అడ్డమని ఇంకో అభ్యంతరం. ఎక్కే మాట నిజమే. గడువు రాసిన లీజు ఆ తేదీతో తనంతట ముగుస్తుంది. గడువుకు ముందే ఖాళీ చేస్తే లీజు రద్దు పత్రం కూడా రిజిస్టరు చేయించుకోండి, ఈసీలో దాని కిందే ఇదీ కనిపిస్తుంది. మంచి బాడుగ ఉన్న రిజిస్టర్డ్ లీజును చూపించి బ్యాంకులు అప్పులిస్తాయి కూడా. ఇక బాడుగ ఆదాయం బయటపడుతుందనే బెంగ. వ్యాపారులు టీడీఎస్ (బాడుగలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి మీ పాన్‌కు జమ చేస్తున్న రోజుల్లో అది ఎలాగూ బయటే ఉంది. ఓనరు కట్టిన ఇంటిపన్ను తీసేశాక మిగిలిన బాడుగలో 30 శాతాన్ని ఖర్చులు చూపించకుండానే ఆదాయపు పన్ను చట్టం మినహాయిస్తుంది. దాచుకోవలసినంత భారం కాదు.

(పదకొండు నెలలు నిజంగా చట్టంలో ఉన్న చోటు ఒకటుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలురైతుకు ఇచ్చే కార్డు 11 నెలలకే. అది పంట రుణానికీ, బీమాకూ, నష్టపరిహారానికీ. భూమి మీద హక్కు ఇవ్వదు. దాన్ని చూపించి ఇళ్ళ బాడుగకు ముడిపెట్టకండి. అది పంట కోసం మాత్రమే, రొయ్యల చెరువు లీజుకు కూడా అక్కరకు రాదు.)

రిజిస్ట్రేషన్ రోజు

పని పెద్దది కాదు. లీజు దస్తావేజు ముసాయిదా, ఓనరు హక్కు పత్రం నకలు, తాజా ఇంటిపన్ను రసీదు, ఇద్దరి ఆధార్, పాన్, ఆధార్‌తో ఇద్దరు సాక్షులు. వివరాలు ఆన్‌లైనులో ఎక్కించి, చలానా కట్టి, స్లాట్ తీసుకుని, రెండు పక్షాలూ సబ్‌రిజిస్ట్రారు ముందు వేలిముద్రలు వెయ్యాలి. కంపెనీ అయితే సంతకం పెట్టేవారికి బోర్డు తీర్మానం, భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వాముల అధికార పత్రం అడగండి. ఇది మరిచిపోతే 'ఆ సంతకం మా కంపెనీది కాదు' అనే మాట తరవాత వస్తుంది. ఆస్తి అన్నదమ్ముల ఉమ్మడిదైతే అందరూ సంతకం చెయ్యాలి. బాడుగ వసూలు చేసే పెద్దన్న ఒక్కడే చేస్తే సరిపోదు.

షెడ్యూలులో కొలతలు చదరపు అడుగుల్లో రాయండి. మనకు అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం అంటే 36 అడుగులే. బయటి కంపెనీ వకీలు చదివే దస్తావేజులో '20 అంకణాల షాపు' అని వదిలేస్తే 1,440 అడుగులా 720 అడుగులా అని మొదలవుతుంది. మేడ మీద ఒక వాటా మాత్రమే ఇస్తుంటే ఏ అంతస్తు, ఏ దిక్కు, మెట్లు ఎవరివి, పైకప్పు ఎవరిది, కింద బండ్లు ఎక్కడ పెట్టాలి, బోర్డు గోడకు ఎంతమేర కట్టొచ్చు, ఇవన్నీ రాయాలి. పైకప్పు రాయకపోతే సెల్ టవరు వాళ్ళు వచ్చిన రోజున ఎవరితో మాట్లాడాలన్నదే తగాదా.

బాడుగ పెంపును శాతంలో కాక, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎన్ని రూపాయలో పట్టికగా రాయండి. '5 శాతం' అంటే మొదటి బాడుగ మీదా, పెరిగిన బాడుగ మీదా అన్న ప్రశ్న పుట్టదు. అడ్వాన్సు బ్యాంకు ద్వారా తీసుకుని ఆ లావాదేవీ నంబరు దస్తావేజులో ఎక్కించండి. వడ్డీ లేదని, ఆఖరి నెలల బాడుగ కింద జమ చేసుకోకూడదని రాయండి. ఆఖరి మూడు నెలలు బాడుగ ఎగ్గొట్టి 'అడ్వాన్సులో పట్టుకోండి' అని పోవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. అప్పటికి పగిలిన బేసిన్లకూ, కరెంటు బాకీకీ మీ చేతిలో ఏమీ మిగలదు.

మరమ్మతుల సంగతి మన వాతావరణాన్ని చూసి రాసుకోవాలి. నెల్లూరుకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాను పట్టిందంటే నాలుగైదు రోజులు వదలదు. శ్లాబు కారడం, గోడ చెమ్మ, సంపులోకి మురుగు రావడం ఓనరు బాధ్యత అని, కుళాయిలు, స్విచ్చులు, మోటారు రిపేరు ఇంత మొత్తం దాకా బాడుగదారుదని అంకె వేసి రాయండి. ఏమీ రాయకపోతే శ్లాబు కారినందుకు బాడుగ ఆపేస్తానని అతను, ఆపడానికి హక్కు లేదని మీరు. చెయ్యవలసిన రిపేరు ఓనరు చెయ్యకపోతే బాడుగదారే చేయించి ఆ ఖర్చు బాడుగలో తగ్గించుకునే హక్కు చట్టంలోనే ఉంది.

కరెంటు బిల్లు ఒకసారి దగ్గరగా చూడండి

బిల్లు చేతిలోకి తీసుకోండి. పైన సర్వీసు నంబరు, పక్కన పేరు. ఆ పేరు మీది. లోపల ఉండేది ఎవరైనా డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, వినియోగదారు మీరే. కాస్త కింద కేటగిరీ. ఇల్లయితే ఒకటి, వ్యాపారమైతే రెండు. ఇంటి మీటరు ఉన్న ముందు గదిని టైలరు షాపుకో ట్యూషన్ సెంటరుకో ఇచ్చి మీటరు అలాగే వదిలేశారనుకోండి. తనిఖీకి వచ్చినప్పుడు 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద దాన్ని అనధికార వాడకంగా లెక్కగడతారు. రేటు రెట్టింపు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు వేస్తారు. నెల్లూరు, ఒంగోలు వేరు వేరు డిస్కంల కింద ఉన్నా ఈ నియమంలో తేడా లేదు. నోటీసు మీ పేరు మీద వస్తుంది. అప్పటికి ఆ టైలరు ఖాళీ చేసి వేదాయపాళెం వెళ్ళిపోయి ఉంటాడు.

ఇంకా కిందికి రండి, చార్జీల వరుసలు. ఇందులో రెండింటి దగ్గర ఓనరుకూ బాడుగదారుకూ మాటామాటా వస్తుంది. ఒకటి ఏసీడీ, అంటే వాడకం పెరిగినందుకు అడిగే అదనపు డిపాజిట్. అది సర్వీసు మీద నిలిచే డబ్బు కాబట్టి బాడుగదారు కడితే ఖాళీ చేసేటప్పుడు ఓనరు తిరిగి ఇవ్వాలి, ఇది న్యాయం. రెండోది ట్రూఅప్, ఇంధన సర్దుబాటు లాంటి పాత బాకీలు. 2014 నుంచి 2019 దాకా వాడిన కరెంటుకు 2022లో ట్రూఅప్ వసూలు చేశారు. వాడిన కుటుంబం ఎప్పుడో పోయింది, బిల్లు మాత్రం కొత్తగా వచ్చినవాళ్ళ చేతికొచ్చింది. 'నేను లేని రోజుల డబ్బు నేనెందుకు కట్టాలి' అని అడిగితే వాళ్ళ తప్పేముంది? ఏ నెల వాడకానికి వేసిన సర్దుబాటు ఆ నెల లోపల ఉన్నవారిదే, అంతకు ముందుది ఓనరుదే అని ఒక్క వాక్యం రాస్తే ఈ తగవు ఉండదు. తాళాలిచ్చే రోజున మీటరు రీడింగు అంకె దస్తావేజు చివర్న ఎక్కించి, ఇద్దరూ సంతకం పెట్టండి.

షాపులకు, సంస్థలకు ఇచ్చేటప్పుడు

కంపెనీ లేదా పెద్ద వ్యాపారి అయిన బాడుగదారు నెలకు 50,000 మించి బాడుగ ఇస్తే 10 శాతం టీడీఎస్ కోస్తాడు. 2025 ఏప్రిల్ నుంచి ఈ హద్దు నెలవారీ లెక్కకు మారింది. వ్యాపారం లేని వ్యక్తి 50,000 మించి ఇంటి బాడుగ ఇస్తే 2 శాతం. కోసింది మీ పాన్‌లో పడిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. కోసి కట్టకుండా ఊరుకునేవాళ్ళు ఉన్నారు.

జీఎస్టీ సంగతి అంతకన్నా తికమక. ఓనరు సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే నమోదు కావాలి, వ్యాపార బాడుగ మీద 18 శాతం వెయ్యాలి. ఓనరు నమోదు కాకపోయినా, బాడుగదారు నమోదైన వ్యాపారి అయితే (చిన్న వ్యాపారుల కాంపొజిషన్ పద్ధతిలో లేకపోతే), 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను బాడుగదారే రివర్స్ చార్జి కింద నేరుగా కట్టాలి. కాబట్టి దస్తావేజులో బాడుగ పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది రాయకపోతే 40,000 లోంచే కోసుకుంటానని కూర్చుంటారు. సొంత నివాసానికి ఇచ్చిన ఇంటికి ఈ గొడవ లేదు.

నెల్లూరులో మొత్తం బిల్డింగును కాలేజీ హాస్టలుకు ఇవ్వడం మంచి రాబడి. అక్కడ చూడవలసింది బాడుగ ఒక్కటే కాదు. రెండు కుటుంబాలకు కట్టిన సెప్టిక్ ట్యాంకు మీద వందమంది, ఇంటి ప్లాను మీద హాస్టలు, అగ్నిమాపక అనుమతి లేని మెట్లు. ప్రమాదం జరిగితే బిల్డింగు ఓనరును కూడా అడుగుతారు. అనుమతులన్నీ ఎవరు తేవాలో, రాకపోతే లీజు ఎప్పుడు తెగుతుందో తేదీతో రాయండి. ఇంటిపన్ను కూడా మారుతుంది. 2021 ఏప్రిల్ నుంచి మున్సిపాలిటీల్లో పన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు, నివాసానికి ఒక రేటు, ఇతర వాడకానికి ఇంకో రేటు. పెరిగిన తేడా ఎవరిదన్నది ముందే తేల్చుకోండి.

ఐస్ ఫ్యాక్టరీ లాంటి తయారీ పనికి ఇస్తుంటే, వేరే షరతు లేనప్పుడు చట్టం 6 నెలల నోటీసు మాట ఎత్తుతుంది. ఎన్ని నెలల నోటీసో మీరే దస్తావేజులో రాసుకోవాలి.

ఓనరు అమెరికాలో ఉంటే రెండు అదనపు జాగ్రత్తలు. ఎన్నారైకి కట్టే బాడుగలో ఎంత చిన్నదైనా టీడీఎస్ కొయ్యాలి, సెస్సుతో కలిపి 31.2 శాతం. ఇది కొయ్యకపోతే బాధ్యత బాడుగదారు మీద పడుతుంది కాబట్టి తెలిసిన కంపెనీలు ముందే అడుగుతాయి. రెండోది, ఇక్కడి బావమరిదికి పంపిన పవరు పత్రం, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే కాగితం. అక్కడ కాన్సులేటు ముందో నోటరీ ముందో చేసి పంపినదానికి ఇండియాకు చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఇచ్చిన మనిషి చనిపోతే ఆ రోజుతో ఆ పవరు చచ్చినట్టే. ఆ తరవాత దాని మీద చేసిన లీజు వారసులను కట్టదు.

బాడుగదారున్న ఆస్తిని కొనేటప్పుడు

పెట్టుబడికి షాపులు కొనేవాళ్ళు ఈసీ శుభ్రంగా ఉందని డబ్బు కట్టేస్తారు. రిజిస్టరు కాని బాడుగలు ఈసీలో కనిపించవు. చట్టం మాత్రం లోపల ఉన్న మనిషి హక్కు మీకు తెలిసినట్టే లెక్క వేస్తుంది, వెళ్ళి అడిగి ఉండాలంటుంది. కాబట్టి వెళ్ళి అడగండి. బాడుగ ఎంత, ఏ నెల దాకా కట్టారు, అడ్వాన్సు ఎంత, ఎవరికి ఇచ్చారు, ఇంకెవరికైనా సబ్‌లీజు ఇచ్చారా. సమాధానాలు కాగితం మీద, బాడుగదారు సంతకంతో తీసుకోండి. కొన్న రోజు నుంచి మీరే ఓనరు, అతను కొత్తగా ఒప్పుకోనక్కర్లేదు. కానీ అంతకు ముందరి బాకీ బాడుగ మీకు రాదు, అమ్మకం పత్రంలో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప. అమ్మిన మనిషి దగ్గర ఉండిపోయిన 4 లక్షల అడ్వాన్సును మాత్రం బాడుగదారు మిమ్మల్నే అడుగుతాడు. ఆ మొత్తాన్ని ధరలోనే తగ్గించి, తగ్గించినట్టు రాయించండి.

ఖాళీ చెయ్యనంటే

తాళం మార్చకండి, కరెంటు పీకకండి. ఇష్టం లేకుండా బయటికి గెంటితే, హక్కు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా, 6 నెలల్లోపు దావా వేసి అతను మళ్ళీ లోపలికి రావచ్చు. నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షను దానికే ఉంది. ఓనరు కేసు అక్కడి నుంచి వెనకబడిపోతుంది.

ముందు లెక్క తీయండి, ఏ నెల ఎంత వచ్చింది, ఎంత బాకీ. తరవాత వకీలు నోటీసు, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో. ఆస్తి వివరం, బాడుగ ఏ తేదీతో తెగుతుంది, బాకీ ఎంత, ఆ తేదీ తరవాత ఉంటే రోజుకు ఎంత పరిహారం, ఇవన్నీ ఉండాలి. నోటీసు గడువు దాటాక ఖాతాలో పడిన డబ్బును బాడుగగా పుచ్చుకుని ఊరుకుంటే, నోటీసు వదులుకున్నారని వాదిస్తారు. వెంటనే ఒక ఉత్తరం రాసి, అది బాడుగ కాదు, వాడకపు పరిహారంగా మాత్రమే జమ చేసుకున్నానని తెలపండి. తరవాత ఎక్కడ వెయ్యాలన్నది, 2017 చట్టం కింద ఏర్పడిన వేదికా, సివిల్ కోర్టా అన్నది, మొదటి రోజే వకీలు చేత తేల్పించుకోండి. తప్పు చోట వేసి ఏడాది పోగొట్టుకోవడం ఇందులో అన్నింటికన్నా చేటు.

దావాకు ముందు ఒక దారి ఉంది, దీన్ని చాలా తక్కువమంది వాడుతున్నారు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఫీజు లేకుండా ప్రీలిటిగేషన్ అర్జీ పెట్టొచ్చు. అవతలి మనిషిని పిలుస్తారు. బాకీ ఎంత మాఫీ, ఏ తేదీకి ఖాళీ అన్నది కుదిరితే లోక్‌అదాలత్ అవార్డు ఇస్తుంది. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆ తేదీకి తాళాలు ఇవ్వకపోతే మళ్ళీ దావా అక్కర్లేదు, అవార్డునే అమలు చేయించుకోవచ్చు. ఊళ్ళో పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పుదల కాగితానికి ఈ బలం లేదు. రెండు నెలల బాడుగ వదులుకుని అయినా ఈ అవార్డు తెచ్చుకోవడమే లాభమని నా లెక్క.

ఇక తాళాలు ఇచ్చే రోజు. అడ్వాన్సు ముందు పంపి తాళాల కోసం ఎదురుచూడకండి, తాళాలు తీసుకుని అడ్వాన్సు వారం తరవాత ఇస్తానని కూడా అనకండి. ఇద్దరూ ఖాళీ ఇంట్లో నిలబడి, మొదటి రోజు రాసిన మీటరు అంకె పక్కన ఈ రోజు అంకె రాసి, ఫ్యాన్లు, గీజర్లు, తలుపు తాళాలు లెక్కపెట్టుకోండి. కోతలు ఏమిటో అక్కడే రాసి, మిగతా డబ్బు ఫోనులో పంపి, అవతలి ఖాతాలో పడ్డాక స్వాధీనం అప్పగించిన రసీదు మీద సంతకం తీసుకోండి. ఆ రసీదును లీజు దస్తావేజు వెనక కుట్టి పెట్టండి. మూడేళ్ళ దాకా దాన్ని పారెయ్యకండి.